డబ్బా మీద పేరు చూసి నమ్మాను

అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్ల ఇంట్లో పిస్టల్ ఉండడం ఇప్పుడు వింతేమీ కాదు. ఒకప్పుడు ఎవరైనా కొన్నారని తెలిస్తే చెవులు కొరుక్కునేవాళ్లం. ఇవాళ టెక్సస్‌లో ఏ పుట్టినరోజు విందుకు వెళ్లినా, గరాజ్‌లో నలుగురు చేరిన చోట ఇళ్ల ధరలూ పిల్లల కాలేజీలూ అయ్యాక వచ్చే మాట అదే. ఏ పిస్టల్ కొన్నావు? అందులో ఏ కంపెనీ తూటాలు వేస్తున్నావు? ఈ రెండో ప్రశ్నకు మా మిత్రుల్లో జవాబు చెప్పే మనిషిని కొన్నేళ్లపాటు నేనే. అడిగినవాళ్లకు చెప్పాను, అడగనివాళ్లకూ చెప్పాను. ఫలానా కంపెనీవి కళ్లు మూసుకుని కొను, ఫలానావి ముట్టుకోకు అని. అలా చెప్పిన దాంట్లో చాలా భాగం తప్పు. నా మాట నమ్మి ఒక పెద్దమనిషి తన ప్రాణాన్ని ఆ తూటాల మీద పెట్టుకుని నెలల తరబడి కొట్లో కూర్చున్నాడు. అందుకే ఇది రాస్తున్నాను.

నాకు తుపాకీ పరిచయం కాలేజీ ఎన్‌సీసీలో. పడుకుని .22 రైఫిల్ పేల్చేవాళ్లం. తూటాలు లెక్కపెట్టి చేతిలో పెట్టేవాళ్లు, ఖాళీ తొడుగులు లెక్కపెట్టి వెనక్కి తీసుకునేవాళ్లు. అవి ఎవరు తయారుచేశారో అడగాలన్న ఊహ కూడా మాకు లేదు. ఇండియాలో లైసెన్సు ఉన్నవాళ్లకైనా ఎంపిక అంతంత మాత్రమే. 9 ఎంఎం అక్కడ నిషిద్ధ బోరు. మామూలు లైసెన్సుదారు కొనే పిస్టల్ ఎక్కువగా .32. తూటాలు లైసెన్సు మీద రాసిన లెక్క ప్రకారమే దొరుకుతాయి. అమెరికాకు వచ్చాక కూడా చాలాకాలం ఆ ఊసు లేదు. హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నంతకాలం, వేట లైసెన్సు వంటి మినహాయింపు ఉంటే తప్ప, ఫెడరల్ చట్టం తుపాకీ ఉంచుకోనివ్వదు. గ్రీన్‌కార్డు వచ్చాక కొన్నాను. కొట్లో పిస్టల్ ఎంచుకోవడానికి పట్టిన సమయం కన్నా తూటాల అర ముందు నిలబడ్డ సమయమే ఎక్కువ. ఫెడరల్, వించెస్టర్, స్పీర్, హోర్నడీ, ఫియోకీ, సెలియర్ అండ్ బెల్లో, మ్యాగ్‌టెక్, పీఎంసీ. అన్ని డబ్బాల మీదా భరోసా మాటలే. పేరున్న కంపెనీ, ఎక్కువ ధర, ఈ రెండూ చూసి తీసుకున్నాను. నా తప్పు అక్కడే మొదలైంది.

నాది .380 తూటా వాడే, అరచేతిలో ఇమిడే పిస్టల్. ఈ తూటాను జాన్ బ్రౌనింగ్ రూపొందించగా 1908లో కోల్ట్ కంపెనీ మార్కెట్లోకి తెచ్చింది. యూరప్‌లో దీన్నే 9 ఎంఎం షార్ట్ అంటారు. దీని శక్తి పరిమితం. మామూలు 9 ఎంఎం తూటాకు అమెరికన్ ప్రమాణం అనుమతించే గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు, .380కి 21,500. ఆ కాస్త శక్తితోనే పిస్టల్ తన పనంతా చేసుకోవాలి.

ఆ పని ఏమిటో తెలియకపోతే తర్వాత నేను చెప్పబోయేది బోధపడదు. తూటా పేలగానే మందు కాలిన ఒత్తిడి బుల్లెట్‌ను ముందుకు తోస్తూ, పిస్టల్ పైభాగమైన స్లైడ్‌ను వెనక్కి తోస్తుంది. స్లైడ్ వెనక్కి వెళ్తూ ఖాళీ తొడుగును లాగి బయట పడేస్తుంది. స్ప్రింగు దాన్ని తిరిగి ముందుకు నెడుతుంది. వస్తూ వస్తూ అది, తూటాలు పేర్చి ఉండే మ్యాగజైన్‌లో పైనున్న తూటాను తోసుకొచ్చి గొట్టం మొదట్లోని చాంబర్‌లో కూర్చోబెడుతుంది. ఇదంతా రెప్పపాటు కన్నా తక్కువ వ్యవధిలో జరిగిపోవాలి. పెద్ద పిస్టల్లో స్లైడ్ బరువుగా ఉంటుంది, అది నడిచే దూరమూ ఎక్కువ. తూటా కొంచెం అటూ ఇటూగా ఉన్నా సర్దుకుపోతుంది. చిన్న పిస్టల్లో స్లైడ్ తేలిక, నడక పొట్టి, స్ప్రింగు బిగువు. మ్యాగజైన్ స్ప్రింగు తర్వాతి తూటాను పైకెత్తడానికి దొరికే సమయం మరీ తక్కువ. తూటా చాంబర్‌లోకి ఎక్కాల్సిన వాలు కూడా నిటారుగా ఉంటుంది. అందుకని బుల్లెట్ ముక్కు గుండ్రంగా ఉందా, బల్లపరుపుగా ఉందా, మొత్తం పొడవు ఎంత, మందు కాస్త తక్కువగా నింపారా, నిప్పు పుట్టించే ప్రైమర్ గట్టిదా, తొడుగు ఇత్తడిదా, స్టీలుదా అన్న ప్రతి తేడా చిన్న పిస్టల్లో బయటపడుతుంది. పెద్ద పిస్టల్లో ఏళ్ల తరబడి కనిపించని లోపం ఇందులో మొదటి మ్యాగజైన్‌లోనే కనిపించవచ్చు.

ఇవేవీ తెలియకుండానే నేను తీర్పులు చెప్పడం మొదలుపెట్టాను.

2020లో కరోనా వచ్చినప్పుడు తూటాల కరువు వచ్చింది. అప్పుడు ఇక్కడ ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది, అరలకు అరలు ఖాళీ. 9 ఎంఎం ధర కొండెక్కింది. .380 అయితే కంటికి కనపడడమే అరుదు. ఎక్కడ ఏ కంపెనీది దొరికితే అది కొన్నాను. అన్నిటినీ డబ్బాల్లోంచి తీసి ఒకే ఇనప పెట్టెలో పోశాను. ఖాళీ డబ్బాలు పారేశాను. ఇది ఎంత పెద్ద తప్పో అప్పుడు తట్టలేదు. డబ్బా మీద ఏ విడతలో తయారైందో చెప్పే లాట్ నంబరు ఉంటుంది. తయారీలో దోషం దొరికినప్పుడు కంపెనీలు రీకాల్ చేసేది కూడా ఆ నంబరు పట్టే. డబ్బా పారేసినవాడి చేతిలో ఉన్నది ఊరూ పేరూ లేని తూటా.

కాల్పుల అభ్యాసానికి రేంజ్‌కు వెళ్తే జామ్‌లు. కాల్చాక ఖాళీ తొడుగు బయటికి పడకుండా స్లైడ్ మధ్య ఇరుక్కుని నిలువుగా నిలబడేది. దీన్ని ఇక్కడ స్టవ్‌పైప్ అంటారు. ఒక్కోసారి తూటా ముక్కు వాలుకు గుచ్చుకుని ఆగిపోయేది. ఇరుక్కున్న తొడుగు అడుగున చెక్కిన గుర్తు చూసేవాణ్ణి. ఒక చవక కంపెనీ గుర్తు రెండుమూడు సార్లు కనబడింది. ఇక తేలిపోయిందనుకున్నాను, ఆ కంపెనీ దండగ అని. పెట్టెలో సగానికి పైగా ఆ కంపెనీవే ఉన్నాయన్న సంగతి లెక్కలోకి తీసుకోలేదు. ఎక్కువ ఉన్నది ఎక్కువసార్లు ఇరుక్కోవడంలో వింతేముంది? ఇంజనీరింగ్ చదివి, రోజూ లెక్కలతో బతికే నేను ఆ చిన్న లెక్క వేయలేదు. వచ్చే విందులో ఆ కంపెనీ పేరు చెప్పి మరీ వద్దన్నాను. అలాగే ఖరీదైన ఒక హాలో పాయింట్ తూటాను, అంటే ముక్కు బోలుగా ఉండే రకాన్ని, ఆకాశానికెత్తాను. దాన్ని నేను పేల్చింది ఒకే మ్యాగజైన్. ఆత్మరక్షణకు వాడే ఈ రకం 20, 25 చొప్పున చిన్న డబ్బాల్లో వస్తుంది. ఒక్కోటి డాలరు పైమాటే. అభ్యాసానికి వాటిని ఖర్చుపెట్టడానికి చెయ్యి రాదు. ఖరీదైనది గనక ప్రయత్నించకపోవడం, ప్రయత్నించలేదు గనక దాంట్లో దోషం కనపడకపోవడం, దోషం కనపడలేదు గనక మంచిదనుకోవడం. నా నమ్మకమంతా ఇలా కట్టిందే.

దాన్ని పడగొట్టింది మా రేంజ్‌లో నేర్పే ఒక శిక్షకురాలు. పోలీసు శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. నా ఫిర్యాదు విని ఏమీ అనలేదు. నేను దండగన్న తూటాలే ఏరి నా పిస్టల్లోనే నింపి, నా కళ్లముందే పేల్చింది. ఒక్కటీ ఆగలేదు. మళ్లీ నింపింది. ఆగలేదు. పిస్టల్ నాకిచ్చి కాల్చమంది. నా చేతిలో ఆగింది. అదే తూటా, అదే మ్యాగజైన్, అదే పిస్టల్.

తేడా పట్టులో ఉంది. స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్లాలంటే కింది ఫ్రేము కదలకుండా ఉండాలి. పట్టుకున్నవాడి మణికట్టు వదులైతే స్లైడ్‌తో పాటు ఫ్రేము కూడా వెనక్కి వెళ్లిపోతుంది. స్లైడ్ నడవాల్సినంత నడవదు, తొడుగు బయటపడదు. చిన్న పిస్టల్‌కు పిడి పొట్టి. చిటికెన వేలికి చోటుండదు. పట్టు సడలడం సులువు. అంటే నేను ఊరంతా చెడ్డపేరు అంటగట్టిన ఆ కంపెనీ తప్పులో చాలామటుకు నా మణికట్టుది. ఆ రోజు నాకు కలిగిన సిగ్గు చిన్నది కాదు. ఒకరి సరుకు గురించి పదిమందిలో అబద్ధం చెప్పాననే అనిపించింది. తెలిసి చెప్పలేదన్నది నిజమే. తెలుసుకోకుండా చెప్పాను.

పట్టు సరిచేశాక కూడా కొన్ని జామ్‌లు మిగిలాయి. అప్పుడు ఆవిడ మ్యాగజైన్ల అడుగున తెల్ల పెయింటుతో 1, 2 అని రాయమంది. ఒక రోజుకు ఒకే రకం తూటా. మొదట ఒక మ్యాగజైన్, తర్వాత రెండోది. ఆగినప్పుడల్లా కాగితం మీద మూడు సంగతులు రాయాలి: ఏ మ్యాగజైన్, లోపల ఎన్నో తూటా, తూటా ఎక్కడ ఆగింది. రాస్తూ పోతే మిగిలిన జామ్‌లన్నీ రెండో మ్యాగజైన్‌వే అని తేలింది. తూటాలను పట్టి ఉంచే దాని పెదవులు ఒక పక్క కొంచెం విచ్చుకుని ఉన్నాయి. కొత్తది కొన్నాను, ఆ బెడద పోయింది. ఇక నేను ఆకాశానికెత్తిన ఖరీదైన హాలో పాయింట్ మాత్రం ఆవిడ చేతిలోనూ ఆగింది, మంచి మ్యాగజైన్‌తోనూ ఆగింది. వెడల్పైన దాని నోరు నా పిస్టల్ వాలుకు తట్టుకుంటోంది. తూటాలో దోషం లేదు. వేరే పిస్టల్లో అది చక్కగా పేలింది. నా పిస్టల్‌కూ దానికీ పొసగదు, అంతే.

పిస్టల్‌కూ తూటాకూ ఉండే ఈ సంబంధం ఎంత ముఖ్యమో చెప్పడానికి సీక్యాంప్ అనే చిన్న .32 పిస్టల్ మంచి ఉదాహరణ. 1980లలో దాన్ని రూపొందించినప్పుడు వించెస్టర్ సిల్వర్‌టిప్ అనే ఒక్క హాలో పాయింట్ తూటాను ఎదురుగా పెట్టుకుని దానికి తగ్గట్టు చేశారు. ఆ తూటా పొట్టిది, పిస్టల్ మ్యాగజైన్ కూడా అంతే పొట్టిది. మామూలు గుండ్రటి ముక్కు .32 తూటాలు పొడవు ఎక్కువై అందులో నడవవు. 1999లో వచ్చిన కెల్‌టెక్ పీ-32లో సంగతి తలకిందులు. అందులో పొడవైన మామూలు తూటాలు బాగా నడుస్తాయి. పొట్టి హాలో పాయింట్లు వేస్తే మ్యాగజైన్‌లో ముందు ఖాళీ మిగిలి తూటాలు ముందుకూ వెనక్కూ కదులుతాయి. 1899 నాటి ఈ .32 తూటాకు అడుగున కొద్దిగా బయటికి వచ్చిన అంచు ఉంటుంది. పై తూటా అంచు కింది తూటా అంచు వెనక్కి జారిందా, రెండూ ఒకదానికొకటి కొక్కెం పడతాయి. దీన్ని రిమ్‌లాక్ అంటారు. స్లైడ్ లాగి వదిలితే పోయే జామ్ కాదిది. మ్యాగజైన్ ఊడదీసి సరిచేయాలి. ఒకే కొలత తూటా, రెండు పేరున్న చిన్న పిస్టళ్లు. ఒకదానికి మందైనది రెండోదానికి విషం. ఇండియాలో .32 ఉన్నవాళ్లు కూడా ఇది తెలుసుకుని ఉంటే మంచిది.

కంపెనీ పేరుతో కొలవడం కూడా పొరపాటే. ఒకే కంపెనీ గుండ్రటి ముక్కుది అమ్ముతుంది, బల్లపరుపు ముక్కుది అమ్ముతుంది, హాలో పాయింట్ అమ్ముతుంది. ఒకే పిస్టల్లో మూడూ మూడు రకాలుగా నడవచ్చు. పైగా వేర్వేరు పేర్ల వెనక యజమాని ఒకరే ఉండడమూ ఉంది. ఫెడరల్, స్పీర్, సీసీఐ తూటాలు చాలాకాలం ఒకే సంస్థ కిందివి. 2024లో వాటిని ఒక చెక్ సంస్థ కొనుక్కుంది. అయినా ఫెడరల్ హైడ్రాషాక్ వేరు, స్పీర్ గోల్డ్‌డాట్ వేరు. ముక్కు ఆకారమూ కట్టుబడీ వేరు. కాబట్టి 'ఏ కంపెనీ మంచిది' అన్న ప్రశ్నకు జవాబు ఉండదు.

ఇంత తెలిశాక కూడా నేను మరో తప్పు చేశాను. అదే అన్నిటికన్నా పెద్దది.

నాకు అన్న లాంటి మిత్రుడొకాయన ఖమ్మం జిల్లావాడు. డల్లాస్ శివార్లలో గ్యాస్ స్టేషన్ నడుపుతాడు. గ్యాస్ స్టేషన్లలో, కిరాణా కొట్లలో రాత్రి పూట పనిచేస్తూ దుండగుల కాల్పులకు మన పిల్లలు బలైపోయిన వార్తలు ఏటా చదువుతున్నాం. ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. చిన్న .380 కొన్నాడు, నాదీ ఆయనదీ వేర్వేరు కంపెనీలవి. అప్పటికి నా పిస్టల్లో నిలకడగా నడిచే ఒక హాలో పాయింట్ దొరికింది, బోలు నోట్లో మెత్తటి ప్లాస్టిక్ నింపిన రకం. "అన్నా, ఇంకేం ఆలోచించకు, ఇది వేసుకో" అన్నాను. పైగా నేనే ఒక డబ్బా కొని తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన నింపి కౌంటర్ దగ్గర పెట్టుకున్నాడు. నెలలు గడిచాయి. ఒక ఆదివారం ఇద్దరం రేంజ్‌కు వెళ్లినప్పుడు, అందులో ఉన్నవే ముందు కాల్చి కొత్తవి వేసుకో అన్నాను. మొదటిది పేలింది. రెండోది సగం ఎక్కి ఆగింది. సరిచేశాడు, పేలింది. తర్వాతది మళ్లీ ఆగింది. నేను తీసుకుని కాల్చినా అంతే.

"ఇన్నాళ్లు ఎందుకు కాల్చి చూడలేదన్నా?" అని అడిగాను.

"నువ్వు చెప్పినవ్ గదా తమ్ముడూ. నువ్వు చెప్పినాక ఇంక నేను చూసేదేముంది అనుకున్న" అన్నాడు.

ఆ మాటలో కోపం లేదు. అందుకే నన్ను మరీ బాధపెట్టింది. అన్ని రాత్రులు ఆయన దగ్గర ఉన్నది ఒక్కసారి మాత్రమే పేలే పిస్టల్. అవసరం రాలేదు గనక ఆయన బాగున్నాడు. నా సలహా వల్ల కాదు. నా పిస్టల్లో, నా మ్యాగజైన్‌తో, నా చేతిలో నడిచిన తూటా ఆయన పిస్టల్లోనూ నడవాలన్న రూలు లేదని నాకు అప్పటికే తెలుసు. తెలిసీ చెప్పాను. పెద్దవాడు అడిగినప్పుడు 'నాకు తెలియదన్నా, నువ్వే కాల్చి చూసుకోవాలి' అనడం చిన్నతనంగా తోచింది.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది ప్రమాదకరం, చాలామంది చేస్తున్నారు. ఇంట్లో పిల్లలున్నారని రాత్రి చాంబర్‌లోంచి తూటా తీసి పిస్టల్‌ను పెట్టెలో పెట్టి తాళం వేసేవాణ్ణి. తాళం వేయడం మంచిదే, అది మానకూడదు. కానీ బయటికి తీసుకెళ్లినప్పుడు మళ్లీ అదే తూటాను పైన పెట్టి ఎక్కించేవాణ్ణి. ఇలా రోజుల తరబడి ఒకటే తూటా. ఒకసారి తుడుస్తూ దాన్ని కొత్త తూటా పక్కన నిలబెడితే, అది పొట్టిగా ఉంది. స్లైడ్ తోసిన ప్రతిసారీ ముక్కు వాలుకు కొట్టుకుని బుల్లెట్ తొడుగులోకి కొంచెం కొంచెంగా దిగబడింది. లోపల చోటు తగ్గితే మందు కాలినప్పుడు పీడనం ఉండాల్సిన దాని కన్నా పెరుగుతుంది. అసలే చిన్న పిస్టల్, పలచటి లోహం. దాన్ని పేల్చకుండా రేంజ్‌వాళ్లకు అప్పగించాను. ఒకటే తూటాను మళ్లీ మళ్లీ ఎక్కించకండి. కొత్తదాని పక్కన పెట్టి చూసి, పొట్టిగా కనిపిస్తే వాడకండి. ట్రిగ్గర్ నొక్కాక టిక్కుమని ఆగితే వెంటనే స్లైడ్ లాగకుండా, గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి కనీసం అరనిమిషం ఆగండి. చప్పుడు మామూలు కన్నా మెత్తగా వస్తే ఇంక కాల్చకండి. బుల్లెట్ గొట్టంలోనే ఉండిపోయి ఉండవచ్చు.

ఇప్పుడు నా దగ్గర తూటాలు వాటి డబ్బాల్లోనే ఉంటాయి. ఆత్మరక్షణకు పెట్టుకున్న రకాన్నే, ఖర్చయినా సరే, తీసుకెళ్లి కాల్చి చూస్తాను. కనీసం 200 కాల్చి చూడమని ఇక్కడ శిక్షకులు చాలామంది అంటారు. అంత డబ్బు పెట్టలేనివాళ్లు ఎక్కువ భాగం అదే ముక్కు ఆకారం, అదే బరువు ఉన్న చవక రకంతో కాల్చి, చివర అసలు రకంతో కొన్ని మ్యాగజైన్లయినా ఆగకుండా నడిచాయో లేదో చూసుకోవాలి. లాట్ మారితే మళ్లీ కొన్ని. ప్రతి మ్యాగజైన్‌తోనూ. ఇంట్లో ఇంకొకరు కూడా ఆ పిస్టల్ వాడేదుంటే వాళ్ల చేతితోనూ. మా ఆవిడ పట్టు వేరు, నా పట్టు వేరు. నాకు నడిచిన ఒక రకం ఆమె చేతిలో ఆగింది. అది కూడా కాల్చి చూశాకే తెలిసింది.

ఖమ్మం అన్నయ్య పిస్టల్‌కు చివరికి మామూలు గుండ్రటి ముక్కు తూటాలే కుదిరాయి, నేను ఒకప్పుడు ముట్టుకోవద్దన్న ఆ చవక కంపెనీవి. ఆయన చేతిలో, ఆయన మ్యాగజైన్లతో, ఆగకుండా నడుస్తున్నాయి.

నా మాట విని తూటాలు కొన్నవాళ్లు మా ఊళ్లో ఇంకా చాలామంది ఉన్నారు. అందరి ఫోన్ నంబర్లూ నా దగ్గర లేవు. అన్నలూ, తమ్ముళ్లూ, నేను ఏ పేరు చెప్పి ఉన్నా దాన్ని పక్కన పెట్టండి. ఈ వారాంతంలో మీ పిస్టల్‌లో ఇప్పుడు ఉన్న తూటాలనే రేంజ్‌కు తీసుకెళ్లి, మీ చేతితో, మీ మ్యాగజైన్లన్నిటితో కాల్చి చూడండి. ఆగితే నాకు ఫోన్ చేయండి, నేను వస్తాను.